భయానక రసమూ, ఇనుప సంగీతమూ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేపపువ్వు నమిలి వచ్చినవారికి దయ్యాల మాట అంత చేదుగా వుండదనే ధైర్యంతో యీ విషయం ఎత్తుకుంటున్నాము.

మన పూర్వభాగంలో, సాకర్‌పేట, దాజీపేట సందుల్లో కొన్ని ఇళ్ళలో కొంతకాలంగా ఒక తగవు నడుస్తున్నది. పిల్లలు నల్లచొక్కాలు తొడుక్కొని, చెవులకు తీగలు తగిలించుకొని, 'హెవీ మెటల్' అనే పాశ్చాత్య సంగీతం వింటున్నారు. అందులోనూ భయానక చిత్రాలకోసం కట్టిన పాటల సంపుటాలంటే వారికి మరీ మోజు. పెద్దలు కొందరు "ఇది పాటా, సాంచె విరిగిన చప్పుడా?" అంటున్నారు. ఇంకా కొందరు ఒక మెట్టు పైకెక్కి "ఇది దయ్యాల పూజ, ఇంట్లో దీపం పెట్టిన తరువాత వినిపించరాదు" అంటున్నారు. పిల్లవాడు విసురుగా గడప దాటి పూనాకో, బెంగుళూరుకో బండెక్కడం కూడా ఒకటి రెండు ఇళ్ళలో జరిగింది. పాటకోసమే వెళ్ళాడని మేమనము. వెళ్ళేముందు ఇంట్లో జరిగిన ఆఖరు మాట మాత్రం పాటను గూర్చే. కనుక యీ పాటేమిటో, ఎక్కడిదో కొంచెం నిదానంగా తెలుసుకోవడం మంచిది.

మొదట సాంచె విరిగిన చప్పుడన్న మాట చూద్దాము. తిట్టుగా అన్న మాటే అయినా అది సత్యానికి చాలా దగ్గరగా వున్నది. యీ సంగీతం పుట్టింది జమీందారుల దివాణాల్లో కాదు, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే కార్ఖానాల ఊళ్ళో. అది ఇనుము, ఇత్తడి, మోటారు భాగాలు చేసే ఊరు. మన షోలాపూరులో 1877లో మొదటి మిల్లు వెలిసినప్పటినుంచి భోంగా కూతనుబట్టి ఇళ్ళలో పొయ్యి వెలిగినట్లే, అక్కడ కూడా యంత్రాల మోతనుబట్టి మనుషులు లేచి పడుకునేవారు. ఆ ఊరి కూలివాడల్లోంచి వచ్చిన నలుగురు కుర్రవాళ్ళు 'బ్లాక్ సబ్బత్' అనే బృందం కట్టారు. వారిలో పాడేవాడు ఓజీ ఆస్‌బర్న్. ఆయన కసాయి కార్ఖానాలో పనిచేశాడు, మోటారు హారన్లకు శ్రుతి పెట్టే పనీ చేశాడు. రోజంతా హారన్లు మోగించి సరిచూసే ఉద్యోగం! అటువంటివాడు వేణుగానం వంటి పాట పాడుతాడని ఎవరూ అనుకోనక్కరలేదు.

గిటారు వాయించే టోనీ అయోమీ కథ మన వాళ్ళకు చెప్పకుండానే అర్థమవుతుంది. 1965లో, పదిహేడేళ్ళ వయస్సులో, రేకుల కార్ఖానాలో అదే తన ఆఖరి రోజని వెళ్ళినవాడికి, కుడిచేతి రెండు వేళ్ళ కొనలు యంత్రంలో తెగిపోయాయి. ఆయనది ఎడమచేతివాటం. అనగా తీగలమీద నొక్కవలసిన చెయ్యే పోయింది. ఇక గిటారు ముట్టరాదని అందరూ అన్నారు. అప్పుడు ఆ కార్ఖానా పెద్ద ఒకాయన జాంగో రైన్‌హార్ట్ అనే విద్వాంసుని రికార్డు తెచ్చి వినిపించాడు. ఆ రైన్‌హార్ట్ అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు పనిచేయకుండా పోయినా మిగిలిన వేళ్ళతో ప్రపంచం మెచ్చేటట్లు వాయించినవాడు. అది విని అయోమీ గిన్నెలు తోమే ద్రవం వచ్చే ప్లాస్టిక్ సీసా ఒకటి కరగించి, వేళ్ళకు తొడుగులు చేసుకొని, వాటిపై తోలు అంటించి మళ్ళీ కూర్చున్నాడు. తీగలు బిగువుగా వుంటే వేళ్ళు నొచ్చుతాయి. అందుకని సన్నని తీగలు వేశాడు, పోనుపోను తీగలను వదులు చేశాడు. తీగ వదులైతే శ్రుతి దిగుతుంది. 1971లో వచ్చిన వారి మూడవ సంపుటంలో కొన్ని పాటలకు మామూలు శ్రుతికంటే మూడు అరస్వరాలు కిందికి దింపారు. ఆ లోతైన బరువైన నాదమే తరువాత వచ్చిన లోహ సంగీతకారులందరికీ మూలధనమైంది. సాంచెలో వేలు పోయిన మనిషిని మన ప్రతి పేటలోనూ చూస్తాము. యీ సంగీతానికి ఆ బరువెక్కడిదని అడిగేవారికి సగం జవాబు ఆ తెగిన వేళ్ళలో వున్నది.

మిగతా సగం సినిమా హాలులో వున్నది. యీ బృందం పేరు అంతకుముందు 'ఎర్త్', అనగా భూమి. వారు సాధన చేసుకునే చోటికి ఎదురుగా సినిమాహాలులో 1963 నాటి ఇటాలియన్ భయానక చిత్రం ఒకటి ఆడింది. తీసినవాడు మారియో బావా, నటించినవాడు బోరిస్ కార్లాఫ్. ఇటలీలో దాని పేరుకు 'భయానికి మూడు ముఖాలు' అని అర్థం. ఇంగ్లీషులో 'బ్లాక్ సబ్బత్' అని పెట్టారు. భయపడటానికి జనం డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుంటున్నారే, భయపెట్టే పాట కడితే కొనరా అని వీరికి తోచింది. వ్యాపారపు బుద్ధి అనండి, కళాదృష్టి అనండి. పాట కట్టారు, ఆ పేరే బృందానికి పెట్టుకున్నారు, 1970 ఫిబ్రవరి 13న వెలువడిన మొదటి సంపుటానికీ అదే పేరు. భయానక చిత్రానికీ ఇనుప సంగీతానికీ చుట్టరికం ఆ విధంగా పేరుతోనే మొదలైంది. (ఓజీ తన ఆఖరి కచేరీ 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోనే చేసి, పదిహేడు రోజులకు, జూలై 22న, కాలం చేశాడు.)

ఆ పాటలో భయం ఎక్కడినుంచి వస్తుంది? మాటల్లోంచి కాదు. మన సంగీత పరిభాషలో చెప్పుకుంటే మధ్యస్థాయి షడ్జం, తారస్థాయి షడ్జం, అక్కడినుంచి దిగి ప్రతిమధ్యమం. మూడే మూడు స్వరాలు, అతి విలంబంగా. షడ్జానికీ ప్రతిమధ్యమానికీ మధ్యనున్న ఆ దూరాన్ని పాశ్చాత్యులు 'సంగీతంలోని సైతాను' అని పిలిచారు. మనకేమో డెబ్బదిరెండు మేళకర్తల్లో ముప్పదియారింటికి ప్రతిమధ్యమమే. కల్యాణి రాగంలో వున్నదీ అదే. మంగళకరమని మనం చెవులారా వినే స్వరం వారికి సైతానుగా వినిపించిందంటే, దయ్యం స్వరంలో లేదన్నమాట. దాని చుట్టూ ఏ స్వరాన్ని నిలుపుతున్నారు, ఏ వేగంతో నడుపుతున్నారు అనేదానిలో వున్నది. కల్యాణిలో పంచమం పక్కనే వుండి ఆదుకుంటుంది. ఆ పాటలో ప్రతిమధ్యమాన్ని పంచమానికి చేరనీయకుండా, ఊగుతూ గాలిలో వదిలేస్తారు. వినేవాని మనస్సు మెట్టు దొరకక తడబడుతుంది. దానినే మనం భయం అనుకుంటాము.

దయ్యాల పూజ అనే మాటకు కూడా మన శాస్త్రాన్నే అడుగుదాము. భరతుడు ఎనిమిది రసాలు చెప్పి, అందులో భయానకాన్ని కూడా శృంగార వీరాల సరసన కూర్చోబెట్టాడు. దానికి రంగు నలుపు, అధిదైవం కాలుడు అన్నాడు. మన పిల్లల నల్లచొక్కాలకు ఇంతకంటే పాత ప్రమాణం దొరకదు!

శాస్త్రందాకా ఎందుకు? మన కులకథే చూడండి. మార్కండేయునికి పదహారేళ్ళు. ఆయుర్దాయం అంతే. పాశం పట్టుకొని యముడు ఇంట్లోకి వచ్చాడు, పిల్లవాడు శివలింగాన్ని కావలించుకున్నాడు, పాశం వచ్చి లింగంమీద కూడా పడింది. దీనికంటే గుండెలదిరే ఘట్టం ఏ సినిమాలో వున్నది? యీ కథను, భావనాఋషి కాలవాసురుణ్ణి చంపిన కథను తెలంగాణంలో కూనపులివారు మన పద్మశాలీల ముందు పటం పరచి చెప్పేవారు. గజాలకొద్దీ పొడుగున్న గుడ్డమీద, ఎర్రని నేలరంగుమీద, బొమ్మ తరువాత బొమ్మ. ఒక్కొక్క భాగం విప్పుతూ, వాద్యం వాయిస్తూ, రాక్షసుని దగ్గర గొంతు మార్చి చెప్పేవారు. చేర్యాల నకాషీలు వేసే పటాలవి. బొమ్మ కదిలిపోతూ వుంటే పక్కనుంచి వాద్యం భయపెట్టడం అనే పద్ధతి మనకు కొత్త కాదని చెప్పడానికే ఇదంతా. బైండ్లవారి జమిడిక విన్నవారికి ఇనుప గిటారు మూలుగు పరాయిదిగా తోచదు. తీగను ఒక చేత్తో లాగి వదులు చేస్తూ మీటితే వచ్చే ఆ మూలుగు ఎల్లమ్మ కథలో అర్ధరాత్రి వింటే ఎటువంటివానికైనా ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక పాటల సంపుటాల సంగతి. సినిమా వేరు, సినిమా పేరుతో అమ్మే రికార్డు వేరు. ఇటలీలో దారియో అర్జెంటో 1977లో 'సుస్పీరియా' తీసినప్పుడు 'గోబ్లిన్' అనే బృందం సంగీతం కట్టింది. వారిది సరిగ్గా లోహ సంగీతం కాదు గాని, తరువాత వచ్చిన లోహ సంగీతకారులు వారిని గురువులుగా భావిస్తారు. అందులో మన తబలా కూడా వినిపిస్తుంది. చిత్రీకరణ జరుగుతుండగానే సంగీతాన్ని గట్టిగా వినిపించి నటులను నిజంగానే బెదరగొట్టేవారట! అదే అర్జెంటో 1985లో తీసిన 'ఫినామినా'లో 'ఐరన్ మెయిడెన్', 'మోటర్‌హెడ్' అనే ఇంగ్లీషు ఇనుప బృందాల పాటలు నేరుగా చేర్చాడు. అదే సంవత్సరం ఆయన నిర్మించిన 'డెమన్స్'కు దర్శకుడు ఎవరనుకున్నారు? లాంబెర్టో బావా, ముందు చెప్పిన మారియో బావా కుమారుడు. తండ్రి సినిమా పేరు పెట్టుకొని ఒక సంగీతం పుడితే, పదిహేనేళ్ళకు కొడుకు సినిమాలోకి ఆ సంగీతం నడిచి వచ్చింది. ఆ చిత్రంలో సినిమా చూడవచ్చిన జనమే హాలులో దయ్యాలైపోతారు. కథానాయకుడు హాలులోనే మోటారుసైకిలెక్కి కత్తి తిప్పుతూ వుంటే 'యాక్సెప్ట్' అనే జర్మను బృందంవారి పాట వెనుక మోగుతుంది. కథకేమంత విలువ లేదు. ఆ నాలుగు నిమిషాలు మాత్రం పిల్లలెందుకు పడి చస్తారో మాకర్థమైంది.

1986లో అమెరికాలో యీ బేరం బాగా సాగింది. 'మాగ్జిమమ్ ఓవర్‌డ్రైవ్' అనే చిత్రంలో లారీలూ యంత్రాలూ మనుషులమీద తిరగబడతాయి. దానికి 'ఏసీ డీసీ' బృందం పాటల సంపుటం ఇచ్చింది. యంత్రం తిరగబడటమనే ఊహ సాంచెల మధ్య బ్రతికేవారికి ఎంత దగ్గరో! అదే ఏడు వచ్చిన 'ట్రిక్ ఆర్ ట్రీట్'కు 'ఫాస్ట్‌వే' బృందం పాటలు కట్టింది. చచ్చిపోయిన గాయకుని రికార్డును వెనక్కు తిప్పి వాయిస్తే ఆ గాయకుడు తిరిగివస్తాడు, అదీ కథ. ఇందులో ఓజీ ఆస్‌బర్న్ కూడా కనిపిస్తాడు. ఏ వేషంలో? ఇనుప సంగీతం పిల్లలను పాడుచేస్తున్నదని టెలివిజనులో మండిపడే మతబోధకుని వేషంలో! తమను తిట్టేవారిని వారికంటే చక్కగా నటించి చూపగలవారిని సైతాను భక్తులనడం కష్టం.

సినిమాకూ రికార్డుకూ ఎంత ఎడం వుండగలదో తెలియాలంటే 2002లో వచ్చిన 'క్వీన్ ఆఫ్ ది డామ్‌డ్' చూడాలి. పాటలు 'కార్న్' బృందపు గాయకుడు జోనథన్ డేవిస్, రిచర్డ్ గిబ్స్‌తో కలిసి కట్టాడు. సినిమాలో వినపడే గొంతు డేవిస్‌దే. కాని మరొక రికార్డు కంపెనీతో వున్న ఒప్పందంవల్ల అమ్మే సంపుటంలో ఆ గొంతు వుండరాదు. కనుక అదే పాటలను వేరే గాయకులు పాడారు. గొంతు ఒకచోట, పేరు ఒకచోట. మనకూ ఇటువంటిది జరిగింది. 1949లో 'మహల్' చిత్రంలో ఖేమ్‌చంద్ ప్రకాశ్ కట్టిన దయ్యపు పాట దేశమంతా మోగింది. మొదట అచ్చైన రికార్డుమీద మాత్రం పాడినవారి పేరు 'కామిని' అని వుండేది. అది సినిమాలో పాత్ర పేరు. పాడింది లతా మంగేష్కర్. పేరు లేని గొంతు ఎవరిదని శ్రోతలు రేడియోవారిని అడగవలసి వచ్చింది.

మన భయానక చిత్రాలు ఇనుప సంగీతాన్ని ఆశ్రయించలేదు, వాటి దారి వేరు. 1951లో 'పాతాళ భైరవి' వచ్చినప్పుడు నేపాళ మాంత్రికునిగా ఎస్.వి. రంగారావు గొంతే సగం భయం, మిగతా సంగతి ఘంటసాల చూసుకున్నారు. 1992లో రాంగోపాల్‌వర్మ 'రాత్రి'కి మణిశర్మ నేపథ్య సంగీతం చేశారు. ఆ సంగీతంలో మోతకంటే నిశ్శబ్దాన్ని ఎక్కువ వాడుకోవడం గమనించండి. అదే వర్మ 2003లో తీసిన హిందీ 'భూత్'లో పాటలే లేవు; అయినా 'భూత్' పేర పాటల సంపుటం ఒకటి బజారులోకి వచ్చింది! సినిమాలో లేని పాటలను సినిమా పేరుతో అమ్మే విద్య హాలీవుడ్‌వారి సొంతం కాదు. 2009లో 'అరుంధతి'కి కోటి కట్టిన సంగీతం అందరికీ తెలిసినదే, చెప్పనక్కరలేదు.

ఇప్పుడు తగవు సంగతి. ఇటువంటి తగవు అమెరికాలో కోర్టుకు కూడా ఎక్కింది. బర్మింగ్‌హామ్ ప్రాంతంనుంచే వచ్చిన 'జూడాస్ ప్రీస్ట్' బృందంవారి రికార్డులో రహస్యపు మాటలున్నాయని, అవి విని ఇద్దరు యువకులు ప్రాణాలమీదికి తెచ్చుకున్నారని తల్లిదండ్రులు దావా వేశారు. నెవాడా రాష్ట్రం రీనో పట్టణంలో విచారణ జరిగి, 1990 ఆగస్టులో న్యాయమూర్తి దావా కొట్టివేశారు. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని మేము తేలిక చేయడం లేదు. బిడ్డ పోయినవారు చేతికందినదాన్ని పట్టుకుంటారు; రికార్డు చేతికందే వస్తువు. ఆ ఇద్దరి జీవితాల్లో అంతకుముందునుంచీ పేరుకుపోయిన కష్టాలు ఆ విచారణలో బయటపడ్డాయి. వాటిని రికార్డులాగా బల్లమీద పెట్టి చూపడం సాధ్యం కాదు.

మన ఇళ్ళలో కూడా పిల్లవాడు ముఖం ముడుచుకొని వున్నాడంటే, పాటనే కారణం చేసేముందు అడగవలసినవి చాలా వున్నాయి. చదివిన చదువుకు ఊళ్ళో పని లేదు. మిల్లులు మూతపడ్డాయి. చాదర్లు, తువ్వాళ్ళ కార్ఖానాలో తండ్రి పన్నెండు గంటలు నిలబడి వచ్చి మాట్లాడే ఓపిక లేక పడుకుంటాడు, తల్లి బీడీల చాట ముందు తల ఎత్తదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఉద్యోగానికి ఇంగ్లీషు. తన అరుపును మూడు భాషల్లోనూ చెప్పలేనివాడు నాలుగవదాన్ని వెతుక్కుంటే ఆశ్చర్యమేమి? 'అయ్యా, ఇందులో ఏమున్నది, ఒకటి వినిపించు' అని అడిగిన తండ్రులు ముగ్గురు నలుగురిని మేమెరుగుదుము. ఒకాయన విని, "మా కార్ఖానాలో ఇరవైనాలుగు సాంచెలు ఒక్కసారి తిరిగినట్లున్నది, కాని యీ డోలు కొట్టేవాడు మాత్రం తాళం తప్పడం లేదు" అన్నాడు. మెచ్చుకోలు కాకపోయినా అది విన్నవాడు అనే మాట. ఆ పిల్లవాడు ఇంకా ఊళ్ళోనే వున్నాడు.

పిల్లల తరఫున ఇంత చెప్పాము గనుక పిల్లలకు కూడా ఒక మాట చెప్పే హక్కు వచ్చిందనుకుంటాము. అది చెవుల గూర్చి. మన దేశపు కార్ఖానా నియమాలప్రకారం ఎనిమిది గంటల పనికి ధ్వని 90 డెసిబెల్‌లు మించరాదు. 115 అయితే పావుగంటే. సాంచెలు తిరిగే కొట్టంలో ధ్వని సామాన్యంగా 90 దాటే వుంటుంది. మీ తండ్రులకు పిలిస్తే పలకని చెవుడు అట్లా వచ్చిందే, నిర్లక్ష్యంవల్ల కాదు. మూడు డెసిబెల్‌లు పెరిగిందంటే ధ్వనిశక్తి రెట్టింపైనట్లు. చెవిలో పెట్టుకొని వినే సంగీతానికి ప్రపంచ ఆరోగ్య సంస్థవారు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్‌లని హద్దు చెప్పారు. 90 అయితే వారానికి నాలుగు గంటలే. అయోమీ వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. చెవిలో పోయినదానికి అటువంటి తొడుగు లేదు. పెద్దలకు కూడా యీ లెక్కే వర్తిస్తుంది. నారళీ పున్నమికి మార్కండేయుని రథం ముందు గోడలవలె పేర్చిన డీజే పెట్టెలు ఇంట్లో పిల్లవాని పాటకంటే ఎన్నో రెట్లు గట్టివి. దానిని భక్తి అని, దీనిని దయ్యమని అనడం న్యాయం కాదు.

వినదలచుకున్న పెద్దలకు ఒక వరుస చెప్పి ముగిస్తాము. మొదట 'మహల్' పాట వినండి, అది మీదే. తరువాత 'రాత్రి' నేపథ్య సంగీతం, దీపం తగ్గించి. ఆపైన 'సుస్పీరియా', తబలా ఎక్కడున్నదో పట్టుకోండి. ఇవి మూడూ అయిన తరువాత పిల్లవాణ్ణి పిలిచి బ్లాక్ సబ్బత్ మొదటి సంపుటంలో మొదటి పాట పెట్టమనండి. మొదలు పెట్టగానే గిటారు రాదు. అరనిమిషానికి పైగా వాన చప్పుడు, ఉరుము, దూరాన చర్చిగంట వినపడతాయి, అంతే. ఆ అరనిమిషం ధ్వని తగ్గించకండి, తరువాత తగ్గించుకోవచ్చును.